బ్లూబెర్రీ మట్టికి ఆమ్లత్వం: గంధకం నుంచి కాఫీ పిప్పి దాకా, ఏ సరుకు ఎంత పనిచేస్తుంది

బ్లూబెర్రీకి నేల పీహెచ్ (ఆమ్లత్వాన్ని చెప్పే అంకె, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 4.5 నుంచి 5.5 మధ్య ఉండాలి. మామూలు తోట మట్టి ఎక్కువగా 6 నుంచి 8 మధ్య ఉంటుంది. ఈ తేడాను దించుతామంటూ అమ్మేవి, వాడి చూడమని ఒకరికొకరు చెప్పుకునేవి చాలా ఉన్నాయి: గంధకం పొడి, గంధకం గుళికలు, పీట్ మాస్ (బురద నేలల్లో పేరుకున్న నాచు), పైన్ బెరడు, పైన్ ఆకులు, కాఫీ పిప్పి, వెనిగర్, నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం), అన్నభేది (ఐరన్ సల్ఫేట్), పటిక. సహజ పద్ధతిలో పీహెచ్‌ను నిజంగా దించి, దించిన చోట నిలబెట్టేది వీటిలో ఒక్క గంధకమే. పీట్ మాస్, పైన్ బెరడు దానికి మంచి తోడు. మిగతావాటిలో కొన్నింటివల్ల నష్టం లేదు, లాభమూ లేదు. ఒకటి రెండు వేరుకే చేటు.

అలాగని గంధకం సంచి కొని చల్లేస్తే పని అయిపోదు. ఏ రూపంలో కొన్నారు, మట్టిలో సున్నం ఎంత ఉంది, రోజూ పోసే నీళ్లు ఎలాంటివి అనే మూడు విషయాలు ఫలితాన్ని తేలుస్తాయి. మొదటిది సంచి మీద ఉంటుంది. రెండోది పరీక్షలో తెలుస్తుంది. మూడోదాన్ని చాలామంది అసలు చూడరు. బ్లూబెర్రీలు రెండో ఏడాదో మూడో ఏడాదో పాలిపోవడానికి ఎక్కువసార్లు కారణం అదే.

ఈ మొక్కకు ఇంత పట్టుదల ఎందుకో ముందు తెలిస్తే సరుకుల్ని అంచనా వేయడం తేలిక. బ్లూబెర్రీ వేర్లు సన్నని పీచు వేర్లు. వాటికి వేరు నూగు ఉండదు, ఎక్కువ భాగం పై 30 సెంటీమీటర్ల మట్టిలోనే తిరుగుతాయి. నేల పీహెచ్ 6 దాటితే ఇనుము మట్టిలో ఉన్నా కరగని రూపంలోకి పోతుంది. దాన్ని లాక్కునే శక్తి ఈ వేర్లకు లేదు. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా మిగిలి మధ్య భాగం పసుపు తిరగడం ఆ లోపానికి గుర్తు. నత్రజనిని కూడా ఇది నైట్రేట్ రూపంలో కన్నా అమ్మోనియం రూపంలోనే బాగా తీసుకుంటుంది, అమ్మోనియం ఎక్కువకాలం అలాగే నిలిచేది ఆమ్ల నేలల్లోనే. బ్లూబెర్రీకి ఆమ్ల నేల తప్పనిసరి అని అమెరికా వ్యవసాయ శాఖ వృక్షశాస్త్రవేత్త ఫ్రెడరిక్ కోవిల్ 1910లో ప్రయోగాలతో చూపించేదాకా, అడవి మొక్కల్ని తెచ్చి సారవంతమైన తోట మట్టిలో నాటి చంపుకోవడమే జరిగేది. ఇవాళా చాలా పెరట్లలో జరుగుతున్నది దాదాపు అదే.

కొనేముందు చేయాల్సిన రెండు పరీక్షలు

మొదటిది పీహెచ్. మట్టిలో గుచ్చే రెండు ముళ్ల మీటర్లు, బ్యాటరీ లేకుండా ముల్లు కదిలేవి, ఈ పనికి పనికిరావు. తేమ మారితే వాటి అంకె మారిపోతుంది. పెన్ను ఆకారపు డిజిటల్ మీటరు, దాంతోపాటు మీటరును సరిచూసుకోవడానికి 4, 7 పీహెచ్‌ల బఫర్ ద్రావణాలు తీసుకోండి. పాదులో ఐదారు చోట్ల 15 సెంటీమీటర్ల లోతు దాకా మట్టి తీసి, కలిపి, నీడలో ఆరబెట్టి జల్లించాలి. 20 గ్రాముల మట్టికి 50 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ పోసి కలిపి, అరగంట ఆగి, మళ్లీ ఒకసారి కలిపి చూడాలి. కుళాయి నీళ్లతో చూస్తే మట్టి పీహెచ్‌కి బదులు కుళాయి పీహెచ్ తెలుస్తుంది. మీటరు కొనను ఎండనివ్వకూడదు. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి ఉంచినా పాడవుతుంది, నిల్వ ద్రావణంలోనే ఉంచాలి.

రెండోది సున్నం పరీక్ష. ఇదే అసలు పరీక్ష, చాలామంది వదిలేసేదీ ఇదే. ఆరిన మట్టి గుప్పెడు తీసుకుని కాస్త వెనిగర్ పోయండి. బుసబుసమని పొంగితే మట్టిలో విడి సున్నం ఉందని అర్థం. పొంగకపోతే లేదని గట్టిగా చెప్పలేం, వెనిగర్ బలహీనమైన ఆమ్లం, కొద్దిపాటి సున్నాన్ని బయటపెట్టదు. పొంగిందంటే మాత్రం నేలను మార్చే ఆలోచన మానుకోవడం మేలు. లెక్క చూడండి. ఒక చదరపు మీటరులో 15 సెంటీమీటర్ల లోతు మట్టి సుమారు 195 కిలోలు తూగుతుంది. అందులో సున్నం 1 శాతం ఉన్నా దాదాపు 2 కిలోలు. ఒక కిలో గంధకం దాదాపు 3.1 కిలోల కాల్షియం కార్బొనేట్‌ను చల్లార్చుతుంది. అంటే చదరపు మీటరుకు 600 గ్రాములకు పైగా గంధకం ఆ సున్నాన్ని తీర్చడానికే పోతుంది, పీహెచ్ అప్పటికి పెద్దగా కదలదు. సున్నం 5 శాతం ఉంటే లెక్క వేయడమే దండగ. అలాంటి చోట పెద్ద తొట్టి గానీ, నేలమట్టానికి పైన కట్టిన మడి గానీ పెట్టుకుని అందులో కొత్త మిశ్రమం నింపాలి.

గంధకం: నాలుగు రూపాలు, నాలుగు వేగాలు

గంధకం తనంతట తాను ఆమ్లం కాదు. మట్టిలోని థయోబాసిల్లస్ జాతి బ్యాక్టీరియా దాన్ని గాలితో, నీటితో కలిపి సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లమే పీహెచ్‌ను దించుతుంది. కాబట్టి గంధకం పనిచేయాలంటే తేమ, గాలి, వెచ్చదనం మూడూ కావాలి. నేల ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గితే పని దాదాపు ఆగిపోతుంది. నీళ్లు నిలిస్తే గాలి అందక ఆగుతుంది. పొడిబారినా అంతే. ఈ సరుకును తిట్టుకునేవాళ్లలో సగం మంది ‘మూడు వారాలైంది, ఏమీ కాలేదు’ అనేవాళ్లే. మూడు వారాల్లో ఏమీ కాదు. పొడి గంధకానికి మూడు నాలుగు నెలలు, గుళికలకు ఆరు నెలల నుంచి ఏడాది పైన పడుతుంది.

రేణువు ఎంత చిన్నదైతే బ్యాక్టీరియాకు అంత ఎక్కువ ఉపరితలం దొరుకుతుంది. తెగుళ్ల మందుగా అమ్మే 80 శాతం వెట్టబుల్ సల్ఫర్ రేణువులు కొన్ని మైక్రాన్లే ఉంటాయి. వేగం దీనిదే. నీళ్లలో కలిపి పాదులో పోయవచ్చు, ఇప్పటికే నాటిన మొక్కకు ఇదే అనువు. నిల్వ ప్రభావం తక్కువ, పెద్ద మడికి ఖర్చు ఎక్కువ. దాదాపు పూర్తిగా గంధకమే ఉండే మెత్తని పొడి వేగంలో రెండోది. కానీ చల్లేటప్పుడు గాల్లోకి లేస్తుంది, కళ్లు మండుతాయి, గొంతు పట్టేస్తుంది. మాస్కు, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోకూడదు. నిప్పు దరిదాపుల్లో చల్లకూడదు, గాలిలో తేలే గంధకం ధూళి భగ్గుమంటుంది.

మూడోది 90 శాతం గంధకం, 10 శాతం బెంటొనైట్ బంకమట్టి కలిపిన గుళికలు. కొత్త మడికి మేము మొదట ఎంచేది ఇదే. ధూళి ఉండదు, చేత్తో సమంగా చల్లవచ్చు, నెమ్మదిగా ఏడాది పొడవునా పనిచేస్తుంది. దీన్ని వాడే పద్ధతిలోనే ఒక కిటుకు ఉంది. బెంటొనైట్ నీరు పీల్చి ఉబ్బితేనే గుళిక విచ్చుకుని మెత్తని రేణువులుగా మారుతుంది. చల్లిన వెంటనే లోతుగా తవ్వి పూడ్చేస్తే గుళిక విడకుండా గుళికగానే ఉండిపోతుంది. ఏడాది తర్వాత తవ్వినా పసుపు పచ్చని గింజల్లా అలాగే కనిపిస్తాయి. పైన చల్లి, రెండు మూడు సార్లు బాగా తడిపి, గుళికలు పగిలి పొడిపొడి అయ్యాక అప్పుడు 15 సెంటీమీటర్ల లోతు దాకా కలపాలి.

నాలుగో రకం ‘సాయిల్ అసిడిఫయర్’ అని పేరు పెట్టి అమ్మే సంచులు. వెనక వైపు చిన్న అక్షరాలు చదవండి. కొన్నింటిలో గంధకం 30 శాతమే, మిగతాది జిప్సం. జిప్సం అంటే కాల్షియం సల్ఫేట్, అది పీహెచ్‌ను దించదు. పేరులో సల్ఫేట్ ఉంది కదా అని చాలామంది పొరబడతారు. చెడ్డ సరుకు అనలేం. కానీ 90 శాతం గుళికలు ఒక కిలో చేసే పనికి ఇవి మూడు కిలోలు కావాలి. సంచి ధరతో కాకుండా అందులోని గంధకం బరువుతో పోల్చుకుని కొనాలి. లైమ్ సల్ఫర్ అనేది ఇంకొకటి. అది గంధకంతో సున్నం కలిపి చేసిన తెగుళ్ల మందు, ఈ పనికి పూర్తిగా వ్యతిరేకం.

మోతాదు నేల రకాన్ని బట్టి చాలా మారుతుంది. పీహెచ్ 6 నుంచి 4.5కి దించడానికి 15 సెంటీమీటర్ల లోతుకు చదరపు మీటరుకు శుద్ధ గంధకం ఇసుక నేలలో 60 గ్రాములు, గరప నేలలో 170, బంకమట్టిలో 180 గ్రాముల దరిదాపు. అదే 7 నుంచి దించాలంటే ఇసుకలో 95, గరపలో 280, బంకలో 290 గ్రాములు పడుతుంది. పీహెచ్ అంకె ఒకటే అయినా బంకమట్టి, సేంద్రియ పదార్థం ఎక్కువున్న మట్టి ఆమ్లాన్ని పట్టి ఉంచి మార్పును అడ్డుకుంటుంది, అందుకే ఇంత తేడా. ఇవి విడి సున్నం లేని నేలలకు వేసిన అంకెలు. సంచిలో 90 శాతం గంధకం ఉంటే ఈ అంకెను 0.9తో, 30 శాతం ఉంటే 0.3తో భాగించాలి. అంటే గరప నేలకు చెప్పిన 170 గ్రాములు గుళికల్లో 190 గ్రాములవుతాయి, జిప్సం కలిసిన సరుకులో 570 గ్రాములు.

మొత్తం ఒకేసారి వేయకూడదు. విడతకు చదరపు మీటరుకు 100 గ్రాములు దాటకుండా, రెండు విడతల మధ్య మూడు నాలుగు నెలలు ఉంచి, ప్రతి విడతకూ ముందు పీహెచ్ చూసుకుంటూ పోవాలి. నాటడానికి ఆరు నెలల నుంచి ఏడాది ముందే మొదలుపెట్టడం సరైన పద్ధతి. ఆగలేక ముందే నాటేశారా, అయితే మొక్క చుట్టూ పైపైన చదరపు మీటరుకు 30 నుంచి 50 గ్రాములు మాత్రమే చల్లి నీళ్లు పెట్టాలి. తవ్వి కలపబోతే పై పొరలోని పీచు వేర్లు తెగుతాయి. నాటే గుంత అడుగున గుప్పెడు గంధకం వేసి దాని మీదే మొక్కను పెట్టడం అందరూ చేసే పొరపాటు. ఆ ఒక్క చోట పీహెచ్ 3కి పడి, చుట్టూ ఉన్న మట్టి 7లోనే ఉండిపోతుంది. వేరు ఆ మూలకే వెళ్లి మాడుతుంది.

పీట్ మాస్, పైన్ బెరడు

స్పాగ్నమ్ పీట్ మాస్ పీహెచ్ 3 నుంచి 4.5 మధ్య. గంధకంలా ఎదురుచూడక్కర్లేదు, కలిపిన రోజు నుంచే పనిచేస్తుంది. నీటిని పట్టి ఉంచుతుంది, పీచు వేర్లకు మెత్తని చోటు ఇస్తుంది. 60 సెంటీమీటర్ల చదరం, 30 సెంటీమీటర్ల లోతు గుంత అంటే సుమారు 108 లీటర్లు. అందులో సగం పీట్, సగం తవ్విన మట్టి కలిపి నింపితే సుమారు 50 లీటర్ల పీట్ కావాలి. అదిమి కట్టిన మూటగా అమ్మే పీట్ విప్పి నలిపితే దాదాపు రెండింతలవుతుంది, కొనేటప్పుడు సంచి మీద ఉన్నది ఏ లీటర్లో చూసుకోండి.

రెండు చోట్ల జాగ్రత్త పడాలి. మొదటిది, నర్సరీలకు అమ్మే పీట్ మిశ్రమాల్లో చాలావాటికి సున్నం కలిపి పీహెచ్ 5.5 నుంచి 6.5కి ముందే సరిచేసి ఉంటారు. కూరగాయల నారుకు అది మంచిదే, బ్లూబెర్రీకి డబ్బు దండగ. సంచి మీద పీహెచ్ 3.5 నుంచి 4.5 అని ఉన్న, సున్నం కలపని తెల్ల పీట్ కావాలి. రెండోది, పూర్తిగా ఎండిన పీట్ నీటిని తోసేస్తుంది. పైన పోసిన నీళ్లు పక్కల నుంచి జారిపోతాయి, నడిమి ముద్ద వారం తర్వాత కూడా పొడిగానే ఉంటుంది. గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ చేత్తో పిసికి, పిండితే చుక్క రాలేదాకా తడిపాకే గుంతలో వేయాలి.

పీట్ బురద నేలల్లో ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పేరుకుంటుంది, తవ్వి తీస్తే అందులో నిల్వ ఉన్న కార్బన్ గాల్లో కలుస్తుంది. కాబట్టి గుంతలో కలపడానికి వాడండి, పైన పరచడానికి వృథా చేయకండి. దాని బదులు కోకోపీట్ వేసుకోవచ్చా అంటే, నీటిని పట్టడం వరకే సరిపోతుంది. దాని పీహెచ్ సాధారణంగా 5.5 నుంచి 6.5 మధ్య, పైగా సరిగా కడగని కోకోపీట్‌లో పొటాషియం, సోడియం లవణాలు ఎక్కువ. లవణాలంటే బ్లూబెర్రీకి గిట్టదు.

పైన్ బెరడు విషయంలో ఫిర్యాదు లేదు. పీహెచ్ 4 నుంచి 5, సెంటీమీటరు లోపు ముక్కలు మట్టిలో కలపడానికి, పెద్ద ముక్కలు పైన పరచడానికి. పీట్‌లా కుంగిపోదు, గాలి ఆడుతుంది, రెండు మూడేళ్లు నిలుస్తుంది. తొట్టి మిశ్రమానికి 5 భాగాల పీట్, 3 నుంచి 4 భాగాల సన్న బెరడు, 1 నుంచి 2 భాగాల పెర్లైట్ (గాలి ఆడేందుకు కలిపే తేలికైన తెల్లని గుళ్లు) బాగా కుదురుతుంది. తోట మట్టి ఇందులో ఒక్క పిడికెడు కూడా వద్దు.

పైన్ ఆకులు, కాఫీ పిప్పి

పైన్ ఆకులు పచ్చిగా ఉన్నప్పుడు ఆమ్లమే, పీహెచ్ 3.5 దరిదాపు. అయితే కుళ్లుతున్న కొద్దీ ఆ ఆమ్లాన్ని సూక్ష్మజీవులు తినేస్తాయి. పదేళ్లు పరిచినా కింది మట్టి పీహెచ్ చెప్పుకోదగ్గంత దిగదు. పాదు మీద 7 నుంచి 10 సెంటీమీటర్ల మందాన పరిస్తే తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది, పై వేర్లు చల్లగా ఉంటాయి. అందుకోసం వాడండి, ఆమ్లం కోసం కాదు.

కాఫీ పిప్పికి దక్కిన పేరు మాత్రం ఆశ్చర్యం. కాఫీ గింజల్లోని ఆమ్లాలు చాలావరకు కాచినప్పుడే డికాక్షన్‌లోకి దిగిపోతాయి. మిగిలిన పిప్పి పీహెచ్ ఎక్కువగా 6.5 చుట్టూ ఉంటుంది, కుళ్లేటప్పుడు ఒక్కోసారి 7 దాటుతుంది. 2 శాతం దాకా నత్రజని ఉంటుంది కాబట్టి కంపోస్టులోకి మంచి సరుకే, పరిమాణంలో ఐదో వంతు మించకుండా. పాదు మీద పచ్చిగా రెండు సెంటీమీటర్లు పోస్తే అట్టకట్టి నీటిని లోపలికి దిగనివ్వదు, లేత మొక్కల ఎదుగుదల కూడా తగ్గవచ్చు. నిమ్మ, నారింజ తొక్కల సంగతీ ఇంతే, కుళ్లాక వాటి పులుపు మిగలదు.

వెనిగర్, నిమ్మ ఉప్పు: నీళ్లకు సరే, మట్టికి కాదు

5 శాతం వెనిగర్ నేరుగా మట్టిలో పోస్తే పీహెచ్ ఆ రోజు దిగుతుంది, కొద్ది రోజుల్లో మళ్లీ లేస్తుంది. అసిటిక్ ఆమ్లం సూక్ష్మజీవులకు ఆహారం, విరిగిపోయి బొగ్గుపులుసు వాయువుగా పోతుంది. చిక్కగా పోస్తే కలుపుమందులా పనిచేసి వేర్లనే కాలుస్తుంది. నిమ్మ ఉప్పుదీ అదే దారి. ఇవి నీటిలోని బైకార్బొనేట్‌ను చల్లార్చినట్టు కనిపించినా, మట్టిలో సిట్రేట్, అసిటేట్ విరిగాక ఆ బైకార్బొనేట్ తిరిగి వస్తుంది. గంధకం నుంచి వచ్చే సల్ఫ్యూరిక్ ఆమ్లానికి ఈ వెనక్కి తిరిగే గుణం లేదు, తేడా అంతా అక్కడే.

అయినా పోసే నీటిని సరిచేయడానికి వీటికి ఒక చోటు ఉంది. గంధకం పనిలోకి దిగేలోగా ఆకులు పాలిపోకుండా మొక్కను నెట్టుకురావచ్చు. నీటి క్షారత (ఆమ్లాన్ని చల్లార్చే బైకార్బొనేట్ లాంటివి నీటిలో ఎంత ఉన్నాయో చెప్పే కొలత) లీటరుకు 200 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్‌కు సమానంగా ఉంటే, 10 లీటర్లకు 3 గ్రాముల నిమ్మ ఉప్పు గానీ, 45 మిల్లీలీటర్ల 5 శాతం వెనిగర్ గానీ పీహెచ్‌ను 5.5 చుట్టుపక్కలకు తెస్తుంది. కలిపాక మీటరుతో చూడాలి. 4.5 కన్నా కిందకు పోతే నీళ్లు పోసి పలచన చేయాలి.

నీళ్ల లెక్క

ఇంతకుముందు చెప్పిన మూడో విషయం ఇదే. పై లెక్క లోని నీళ్లనే తీసుకుందాం, లీటరుకు 200 మిల్లీగ్రాముల క్షారత. రోజు విడిచి రోజు ఒక తొట్టికి 5 లీటర్లు పోస్తే ఏడాదికి 900 లీటర్ల పైచిలుకు. అంటే ఏడాదిలో దాదాపు 180 గ్రాముల సున్నం మన చేత్తోనే ఆ తొట్టిలో వేసినట్టు. దాన్ని చల్లార్చడానికే 58 గ్రాముల గంధకం కావాలి, పీహెచ్‌ను ఒక్క మెట్టు దించకుండానే. ఎంత మంచి పీట్ వేసినా రెండేళ్లలో 6.5 దాటడానికి ఇదే కారణం, సరుకు కల్తీ కాదు.

నీటి పీహెచ్ చూసి ఊరుకోకండి, చూడాల్సింది క్షారత. పీహెచ్ 8 ఉన్నా క్షారత 40 మిల్లీగ్రాములే ఉన్న నీరు పెద్దగా హాని చేయదు. పీహెచ్ 7.2 ఉండి క్షారత 300 ఉన్న నీరు తొట్టిని పాడు చేస్తుంది. చేపల తొట్టెలకు అమ్మే క్షారత పరీక్ష చుక్కలు ఈ పనికి చాలు. వర్షపు నీటిలో బైకార్బొనేట్ దాదాపు ఉండదు, పట్టి నిల్వ చేసుకోగలిగితే దాన్ని మించింది లేదు. ఆర్వో నీళ్లూ సరే, ఆ యంత్రం బయటికి వదిలే వృథా నీరు మాత్రం పోయకూడదు, లవణాలన్నీ చిక్కబడేది అందులోనే. సిమెంటు తొట్టిలో నిల్వ చేసిన వాన నీటి పీహెచ్ ఓసారి చూసి మరీ వాడండి, కొత్త సిమెంటు సున్నం వదులుతుంది. బ్లూబెర్రీని సిమెంటు కుండీలో నాటకపోవడానికీ, కొత్త గోడ పక్కన నాటకపోవడానికీ కారణం ఇదే.

అన్నభేది, పటిక, అమ్మోనియం సల్ఫేట్

అన్నభేది వారాల్లోనే పనిచేస్తుంది, పైగా ఇనుమూ అందుతుంది. కానీ గంధకం చేసే పనికి బరువులో దాదాపు తొమ్మిది రెట్లు కావాలి. గరప నేలకు చెప్పిన 170 గ్రాముల గంధకానికి బదులు చదరపు మీటరుకు కిలోన్నర అన్నభేది. అంత ఉప్పు పడ్డ మట్టిలో పీచు వేరు బతకదు. పాలిపోయిన మొక్కకు తాత్కాలిక ఊరట వరకు సరే. దానికైనా ఇనుము చీలేటు (ఇనుమును కరిగే రూపంలోనే పట్టి ఉంచే మందు) మేలు. అందులో ఈడీటీఏ రకం పీహెచ్ 6.5 దాటితే పనిచేయదు, ఈడీడీహెచ్‌ఏ రకం క్షార నేలలోనూ నిలుస్తుంది. ఏదైనా ఆకుల రంగు తెస్తుంది తప్ప నేలను మార్చదు.

పటిక, అల్యూమినియం సల్ఫేట్ వద్దు. హైడ్రాంజియా పూలు నీలంగా పూయడానికి అమ్మే సరుకిది. గంధకానికి ఆరేడు రెట్లు వేయాలి, పేరుకునే అల్యూమినియం వేరు కొనల్ని మొద్దుబారుస్తుంది.

అమ్మోనియం సల్ఫేట్‌ను సహజం అనలేం, కానీ మాట్లాడకుండా వదల్లేం. 21 శాతం నత్రజని, అది కూడా బ్లూబెర్రీకి నచ్చే రూపంలో. 100 గ్రాములు వేస్తే చివరికి 110 గ్రాముల సున్నాన్ని తీర్చేంత ఆమ్లం పుడుతుంది. రసాయన ఎరువు వాడటానికి అభ్యంతరం లేనివాళ్లు తొలి ఏడాది మొక్కకు 25 నుంచి 30 గ్రాములు, రెండు మూడు విడతలుగా, కాండానికి కొంచెం దూరంగా వేయవచ్చు. పూర్తిగా సేంద్రియంగా పోవాలనుకుంటే పత్తిగింజల చెక్క ఉంది. నత్రజని 6 శాతం దాకా, నెమ్మదిగా అందుతుంది, కాస్త ఆమ్లం వైపే మొగ్గుతుంది. కాల్షియం నైట్రేట్, పొటాషియం క్లోరైడ్ రెండూ ఈ మొక్కకు సరిపడవు.

ఒక చేత్తో గంధకం వేస్తూ ఇంకో చేత్తో కట్టె బూడిద, గుడ్డు పెంకుల పొడి వేసేవాళ్లున్నారు. రెండూ సున్నంతో సమానం. పశువుల ఎరువు, కోళ్ల ఎరువు, వానపాముల ఎరువు కూడా చాలాసార్లు పీహెచ్ 7 దాటి ఉంటాయి, లవణాలూ ఎక్కువ. కూరగాయలకు బంగారం లాంటి ఎరువు ఇక్కడ పనికిరాదు.

వేశాక

మూడు నెలలకోసారి పీహెచ్ చూడండి, పై 15 సెంటీమీటర్లలోనూ, వీలైతే 15 నుంచి 30 మధ్యా విడివిడిగా. పైన చల్లిన గంధకం పై పొరలోనే ఆమ్లం పుట్టించి కింది పొర మారకుండా ఉండటం మామూలే. 5.5కి దిగగానే ఆపి ఓ మూడు నెలలు చూడాలి, మట్టిలో మిగిలిన గంధకం ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. రాబిట్‌ఐ రకాలకు 5.5 దగ్గర నిలిచినా ఇబ్బంది లేదు, హైబుష్ రకాలకు 4.5 నుంచి 5 మేలు.

పాదులో కుళ్లిన గుడ్డు వాసన వస్తే గంధకం ఎక్కువైందని కంగారు పడి సున్నం వేయకండి. నీళ్లు నిలిచి గాలి ఆడక, సల్ఫేట్ హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుతోందని దాని అర్థం. ముందు నీరు పోయే దారి చూడాలి. నిజంగా ఎక్కువైనప్పుడు పీహెచ్ 4 కన్నా కిందకు పడుతుంది, మాంగనీస్, అల్యూమినియం ఎక్కువగా కరిగి ఆకు అంచులు గోధుమ రంగుకు మాడతాయి, కొత్త చిగురు ఆగిపోతుంది. అప్పుడు చదరపు మీటరుకు 50 గ్రాముల మెత్తని సున్నపురాయి పొడి ఒక్కసారే చల్లి, తడిపి, నెల ఆగి మళ్లీ పీహెచ్ చూడాలి. సంచిలో మిగిలిన గంధకాన్ని మూతి బిగించి, తేమ తగలని చోట, ఎరువుల సంచులకు, ముఖ్యంగా నైట్రేట్ ఎరువులకు దూరంగా పెట్టండి. ఇనుప డబ్బా వద్దు, తేమ తగిలితే డబ్బాను తినేస్తుంది, ప్లాస్టిక్ డబ్బా మంచిది.